కాకినాడ గుమ్మం దగ్గరి పద్నాలుగేళ్ల పిల్ల

2024 ఏప్రిల్ నెలాఖరున హైదరాబాదు నుండి మా మనవరాలు ఫోను చేసింది. ఎనిమిదో తరగతి పరీక్షలు ముగిశాయి. బడివాళ్లు ఒక ఫారం ఇచ్చి పంపారట. సెలవులలో 20 గంటలు సమాజసేవ చేయాలి. ఏ తేదీన, ఎక్కడ, ఎన్ని గంటలు, ఏ పని చేసినదీ వ్రాసి, పెద్దవారెవరితోనైనా సంతకం చేయించి జూన్‌లో అప్పగించాలి.

"తాతయ్యా, రిటైర్డ్ టీచర్ సంతకమైనా చాలన్నారు. మా క్లాసులో అందరూ అలాగే పెట్టించుకుంటున్నారు. నువ్వు సంతకం పెట్టి పంపించు, గంటలు నేను నింపుకుంటాను" అంది.

అందులో దోషమున్నదని ఆ పిల్లకు తోచనేలేదు. గొంతులో తడబాటు లేదు. "సరే, చూద్దాంలే అమ్మా" అని ఫోను పెట్టేశాను గాని, ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. తెలుగు పండితుడిగా ముప్పైనాలుగేళ్లు బళ్లలో పనిచేసిన ఈ చేయి అటువంటి సంతకాలు ఎన్ని పెట్టిందో నాకొక్కడికే తెలుసు. ఆ సంగతి తర్వాత చెబుతాను. ముందుగా, ఆ రాత్రి నాకు పదే పదే గుర్తుకు వచ్చిన మరొక పిల్ల సంగతి చెప్పాలి.

1923 డిసెంబరు. కాకినాడలో కాంగ్రెసు మహాసభ. అధ్యక్షుడు మౌలానా మహమ్మదాలీ. గాంధీజీ అప్పటికి ఎరవాడ జైలులో ఉన్నారు. సభతోపాటే ఒక ఖద్దరు ప్రదర్శన కూడ ఏర్పాటయింది. దానికి టికెట్టు ఉంది. టికెట్టు లేనివారిని లోపలికి రానివ్వకుండా చూచే పని ఒక పిల్లకు అప్పగించారు. రాజమండ్రిలో పుట్టి కాకినాడలో పెరిగిన పిల్ల, పేరు దుర్గాబాయి. 1909 జూలై 15న పుట్టింది కనుక అప్పటికి పద్నాలుగేళ్లు నిండి అయిదు నెలలు.

ఆ గుమ్మం దగ్గరికి జవహర్‌లాల్ నెహ్రూ వచ్చారు. అప్పటికాయన ప్రధాని కాదు గాని, అనామకుడూ కాదు. ముప్పైనాలుగేళ్ల యువనాయకుడు, అలహాబాదు పురపాలక సంఘానికి అధ్యక్షుడు, మోతీలాల్‌గారి కుమారుడు. ఆయన దగ్గర టికెట్టు లేదు. పిల్ల లోపలికి పోనివ్వలేదు. నిర్వాహకులు పరుగున వచ్చి పిల్లను కోప్పడ్డారు. తనకు చెప్పిన పనే తాను చేస్తున్నానని ఆ పిల్ల సమాధానం. చివరకు నిర్వాహకులే ఆయనకు టికెట్టు కొన్నారు. అప్పుడు దారి విడిచింది. ఆ పిల్ల కర్తవ్యనిష్ఠను నెహ్రూ మెచ్చుకున్నారు.

ఈ కథ తెలుగువాళ్లకు కొత్త కాదు. నేను తరగతిలో ఎన్నోసార్లు చెప్పాను. చెప్పినప్పుడల్లా దుర్గాబాయి ధైర్యాన్ని గురించీ, నెహ్రూ పెద్దమనసును గురించీ చెప్పి ముగించేవాడిని. చెప్పకుండా వదిలేసినది ఒకటున్నది. పద్నాలుగేళ్ల పిల్లకు నిజమైన గుమ్మాన్ని అప్పగించిన వాళ్లెవరో ఉన్నారు కదా! ఆ పిల్ల పొరపాటు చేస్తే రాబడి పోతుంది, పెద్దలకు మాట వస్తుంది. అయినా అప్పగించారు. తీరా ఆ పిల్ల చెప్పినట్లే చేసేసరికి వాళ్లే గాభరా పడ్డారనుకోండి, అది వేరే సంగతి. కోప్పడ్డారేగాని, పిల్లను పక్కకు నెట్టి ఆయనను లోపలికి తీసుకొనిపోలేదు. టికెట్టు కొన్నారు.

అదే కాకినాడ సభల సందర్భంలో డాక్టర్ ఎన్.ఎస్. హర్డీకర్ ఆధ్వర్యాన హిందుస్తానీ సేవాదళం రూపుదిద్దుకుంది. దేశవ్యాప్తంగా కార్యకర్తలకు శిక్షణ ఇచ్చే సంస్థ అది. ఒకవైపు పెద్దలు సేవాదళానికి నియమావళి ఆలోచిస్తుండగా, మరొకవైపు గుమ్మం దగ్గర ఆ నియమావళి సారమంతా ఒక పిల్ల ఆచరించి చూపించిందన్నమాట.

ఇంతకూ వాలంటీరు అన్న మాట మన ఊళ్లలోకి ఎప్పుడు వచ్చింది? బాగా ప్రచారంలోకి వచ్చినది మాత్రం సహాయ నిరాకరణ కాలంలోనే. 1921 మార్చి 31న, ఏప్రిల్ 1న బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘం సమావేశమైనప్పుడు, ఆ జనసందోహాన్ని అదుపు చేయడం పోలీసుల పని కాదు, కార్యకర్తల పనే. దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి రామదండు ఆ రోజులలోనిదే. ఎడింబరోలో ఎం.ఏ. చదివి వచ్చిన మనిషి, కుర్రవాళ్లకు కాషాయవస్త్రాలు కట్టించి, మెడలో రుద్రాక్షలు వేయించి, ఆంజనేయుడిని ఆదర్శంగా నిలిపి ఒక దళం తయారుచేశారు. చీరాల-పేరాలలో పురపాలక సంఘం వద్దంటూ వేలమంది ఇళ్లు విడిచి, ఊరి బయట రామనగరం కట్టుకొని సుమారు 11 నెలలు ఉన్నప్పుడు ఆ దండు అండగా నిలిచింది. పాకలలో కాపురముంటున్న జనానికి మంచినీళ్లు, పారిశుద్ధ్యం, రాత్రి కాపలా చూడవలసినవారు ఎవరో ఒకరు ఉండాలి కదా. ఎండావానలలో జరిగిన పని అది.

ఇక్కడ పండితుడి చాదస్తం ఒకటి మన్నించండి. వాలంటీరుకు మనం పెట్టుకున్న పేరు స్వచ్ఛంద సేవకుడు. ఛందమంటే ఇచ్ఛ. ప్రాచీన కావ్యాలలో స్వచ్ఛందంగా తిరగడమంటే అడ్డూ ఆపూ లేకుండా తన ఇష్టం వచ్చినట్లు తిరగడమే. అడవి ఏనుగుకు చెల్లే విశేషణం. అటువంటి మాట వచ్చి సేవ పక్కన కూర్చుంది. అడ్డూ ఆపూ లేని ఇచ్ఛ, మరొకరి అవసరానికి లొంగే సేవ: రెండూ ఒక సమాసంలో ఎలా ఇమిడాయా అని నేను అప్పుడప్పుడు ఆశ్చర్యపోతుంటాను. ఇటీవల ఆ ఆంగ్లపదానికే మరొక అర్థం కూడ తోడయింది. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన గ్రామ, వార్డు వ్యవస్థలో నెలకు 5000 రూపాయల గౌరవ వేతనంతో పనిచేసినవారినీ వాలంటీర్లనే అన్నారు. మాటలకు కూడ ఉద్యోగాలు మారుతుంటాయి.

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత పెద్దలకు పట్టుకున్న ప్రశ్న ఇదే: కుర్రవాళ్ల సేవ ఇచ్ఛకు వదలాలా, నిర్బంధం చేయాలా? సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారి అధ్యక్షతన ఏర్పడిన విశ్వవిద్యాలయ విద్యా సంఘం ఇచ్ఛకే వదలమంది. 1958లో నెహ్రూ ముఖ్యమంత్రులకు లేఖ వ్రాస్తూ, పట్టా పుచ్చుకొనే ముందు కొంతకాలం సమాజసేవ చేసి తీరాలన్న నియమం పెడితే ఎలా ఉంటుందని సూచించారు. ఆ మరుసటి ఏడు, 1959లో, విద్యామంత్రుల సమావేశం దీనిని పరిశీలించడానికి ఒక సంఘాన్ని వేయమంది. దానికి అధ్యక్షుడు చింతామణి ద్వారకానాథ్ దేశ్‌ముఖ్. రిజర్వు బ్యాంకుకు తొలి భారతీయ గవర్నరు, మాజీ ఆర్థికమంత్రి, అప్పటికి విశ్వవిద్యాలయ నిధుల సంఘానికి అధ్యక్షుడు. మనకు కావలసిన పరిచయం మరొకటి ఉంది. ఆయన మన దుర్గాబాయిగారి భర్త. 1953 జనవరి 22న వారి వివాహం జరిగింది. ఆ పెళ్లికి సాక్షులలో ఒకరు నెహ్రూ. ముప్పై ఏళ్ల క్రితం తనను గుమ్మంలో ఆపిన పిల్ల పెళ్లికి సాక్ష్యమన్నమాట!

దేశ్‌ముఖ్ సంఘం ఏమి చెప్పింది? ఉన్నత పాఠశాల చదువు ముగించి కళాశాలలో చేరదలచిన ప్రతి విద్యార్థీ తొమ్మిది నెలల నుండి ఏడాది వరకు జాతీయ సేవ చేయాలి, అది నిర్బంధం. అంటే పదహారు, పదిహేడేళ్ల పిల్లలు. ఊహించండి! ప్రతి సంవత్సరం దేశంలోని కుర్రకారు అంతా చదువు ఆపి ఒక ఏడాది పల్లెలలో, ఆస్పత్రులలో, కాలువగట్ల మీద ఉంటారు. ఖర్చు ఎక్కువ, అమలు కష్టం అని ఆ సిఫారసును ప్రక్కన పెట్టారు. తరువాత కె.జి. సయ్యదైన్‌గారిని ఇతర దేశాల అనుభవాలు పరిశీలించమన్నారు. ఆయన సేవ ఇచ్ఛాపూర్వకంగా ఉండడమే మేలన్నారు. ఇంతలో 1962 చైనా యుద్ధం వచ్చింది. 1963లో కళాశాల విద్యార్థులకు ఎన్.సి.సి. తప్పనిసరి అయింది, 1968లో ఆ నిర్బంధమూ తొలగింది. చిట్టచివరకు గాంధీజీ శతజయంతి సంవత్సరంలో, 1969 సెప్టెంబరు 24న, కేంద్ర విద్యామంత్రి వి.కె.ఆర్.వి. రావు 37 విశ్వవిద్యాలయాలలో జాతీయ సేవా పథకాన్ని, అంటే మనం ఎన్.ఎస్.ఎస్. అనేదానిని, ప్రారంభించారు. మొదటి ఏడు చేరినవారు 40000 మంది. రెండేళ్లలో 240 గంటల సేవ. తొమ్మిది నెలల నిర్బంధ సేవగా బయలుదేరిన ఆలోచన 240 గంటల ఇచ్ఛాసేవ దగ్గర ఆగింది. నేను దానిని తప్పుపట్టడం లేదు. గంటలు లెక్కపెట్టే అలవాటు మాత్రం అక్కడినుంచే మనకు అబ్బిందేమోనని నా అనుమానం.

నా పద్దెనిమిదో ఏట నాకు ఎవరూ గంటలు లెక్కపెట్టలేదు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చింది. నేను అప్పుడు తెనాలిలో భాషాప్రవీణ చదువుతున్నాను. అధికారుల లెక్క ప్రకారమే సుమారు 10000 మంది పోయారు. జనం చెప్పుకున్న లెక్క అంతకంటె చాలా ఎక్కువ. నాలుగో రోజున మేము పన్నెండుమందిమి బెజవాడ వెళ్లి, బియ్యం మూటలు వేసుకొని పోతున్న ఒక లారీ ఎక్కి, అవనిగడ్డ మీదుగా నాగాయలంక వైపు చేరుకున్నాము. దారిపొడవునా చూచినది ఇక్కడ వ్రాయను. చూచినవారికి వ్రాయనక్కరలేదు.

మాలో కండబలం ఉన్నవాళ్లను శవాల పనికి తీసుకొనిపోయారు. నేను బక్కపలుచనివాడిని. శిబిరం నడుపుతున్న ఒక పెద్దాయన నన్ను ఎగాదిగా చూచి, "నువ్వేం చదువుతున్నావయ్యా?" అన్నాడు. చెప్పాను. "అయితే వ్రాత బాగుంటుంది" అని ఒక లెడ్జరు పుస్తకం, రెండు కలాలు ఇచ్చి ఒక టార్పాలిను క్రింద కూర్చోబెట్టాడు. తమవాళ్ల కోసం వెతుక్కుంటూ వచ్చేవారు చెప్పే పేర్లు వ్రాయడం నా పని. "పేరు, ఇంటిపేరు, తండ్రి పేరు, ఊరు. నాలుగూ ఉండాలి. ఒక్కటి తగ్గినా ఆ మనిషిని పంపించేయవద్దు, కూర్చోబెట్టి అడుగు" అని చెప్పి వెళ్లిపోయాడు. మళ్లీ సాయంత్రం దాకా రాలేదు.

తొమ్మిది రోజులు వ్రాశాను. ఒకనాడు ఒక ముసలాయన వచ్చి తన ఇంటివాళ్లవి పదకొండు పేర్లు చెప్పాడు. ఏడుపు లేదు. శ్రాద్ధంలో గోత్రనామాలు చెప్పినంత నిదానంగా చెప్పాడు. అన్నీ అయ్యాక "ఒకసారి చదివి వినిపించు బాబూ" అన్నాడు. చదివాను. "వెంకటేశ్వర్లు అని ఒక్కడినే వ్రాశావు. ఇద్దరున్నారు. పెద్ద వెంకటేశ్వర్లు నా కొడుకు, చిన్న వెంకటేశ్వర్లు మా తమ్ముడి మనవడు" అన్నాడు. నేను ఒకే పేరు పొరపాటున రెండుసార్లు చెప్పాడనుకొని ఒకటి వదిలేశాను. దిద్దాను. ఆయన లేచి వెళ్లాడు. ఆ తరువాత నలభై ఏళ్లు పిల్లల పరీక్షపత్రాలు దిద్దాను గాని, అంత జాగ్రత్తగా మరి దేనినీ దిద్దినట్లు గుర్తు లేదు. అక్కడినుంచి తిరిగి వచ్చేటప్పుడు నాకు ఎవరూ ధ్రువపత్రం ఇవ్వలేదు. అడగాలని కూడ తోచలేదు.

ఇక నేను చెబుతానన్న సంగతి.

పనిని చదువులో భాగం చేయాలన్న ఆలోచన గొప్పది, పాతది. 1937 అక్టోబరులో వార్ధాలో గాంధీజీ సమక్షంలో విద్యావేత్తలు సమావేశమై చేతిపని కేంద్రంగా చదువు సాగాలన్నారు. 1964-66 నాటి కొఠారీ సంఘం దానికి పని అనుభవమని పేరు పెట్టింది. 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ సంఘం సమాజోపయోగ ఉత్పాదక కార్యమంది. ఎస్.యు.పి.డబ్ల్యు. అంటే నా వయసు ఉపాధ్యాయులకు వెంటనే తెలుస్తుంది. నేను ఉద్యోగంలో చేరేనాటికి అది వారానికి కొన్ని పీరియడ్లు, ఒక రికార్డు పుస్తకం, కొన్ని మార్కులుగా మారి ఉంది.

నేను పనిచేసిన బళ్లలో ఒకదానిలో, దాని పేరు అనవసరం, క్రాఫ్టు ఉపాధ్యాయుడు పదవీవిరమణ చేశాక మళ్లీ ఎవరినీ వేయలేదు. ఆ పీరియడ్లు తెలుగు పండితుడి నెత్తిన పడ్డాయి. నాకు దారం వడకడం రాదు, చెక్క చిత్రిక పట్టడం రాదు. పిల్లలు రికార్డులు తెచ్చేవారు: అట్టమీద రంగుకాగితాలు, లోపల ఊలుపూలు, అగ్గిపుల్లల ఇల్లు. సగానికి సగం బజారులో అమ్మేవే. ఒకే కొట్లో కొన్నందువల్ల పువ్వులన్నీ ఒకే రంగులో ఉండేవి కూడ. నేను సంతకం పెట్టేవాడిని. 20కి 18, 17, 18.

ఆ ఏడు ఒక వడ్రంగి కొడుకు తొమ్మిదో తరగతిలో ఉండేవాడు. వాడు మా బడిలో కాళ్లు విరిగిన బల్లలు పదమూడు బాగుచేశాడు. ఎవరూ చెప్పలేదు. ఇంటినుంచి వాళ్ల నాన్న ఉలి, సుత్తి తెచ్చుకొని, సాయంత్రాలు ఉండిపోయి చేశాడు. నేను చూచాను కూడ. మార్కులు వేసే రోజున వాడి దగ్గర రికార్డు లేదు. "పుస్తకమేదిరా?" అన్నాను. "బల్లలు చేశానుగదండీ" అన్నాడు. "అది సరే, పై నుంచి తనిఖీకి వస్తే నేను బల్ల చూపించనా? పుస్తకం చూపించాలి" అన్నాను. వాడికి 20కి 8 వేశాను. కొనుక్కొని తెచ్చినవాడికి 18, పని చేసినవాడికి 8.

వాడు ఏమీ అనలేదు. ఆ తరువాత సాయంత్రాలు ఉండటం మానేశాడు. ఇంకా నాలుగు బల్లలు విరిగినవి అలాగే ఉండిపోయాయి. నేను ఆ బడినుంచి బదిలీ అయ్యే నాటికీ అవి గది మూలన ఒకదానిమీద ఒకటి ఎక్కించి ఉండేవి.

మా తరం ఉపాధ్యాయులందరూ ఇలాగే చేశారని నేనడం లేదు. 1991లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నడిచినప్పుడు, రాత్రిపూట లాంతర్ల వెలుగులో పెద్దవాళ్లకు అక్షరాలు నేర్పినది జీతం లేని కార్యకర్తలే. వారిలో చాలామంది చదువుకుంటున్న, చదువు అప్పుడే ముగించిన కుర్రవాళ్లు. ఆ వాచకంలో సీతమ్మ కథ ఒకటి చదివి దూబగుంట ఆడవాళ్లు సారాకొట్టు మూయించడం, అది రాష్ట్రమంతా పాకి 1993లో సారా నిషేధానికి దారితీయడం అందరికీ తెలిసిన చరిత్ర. ఆ కుర్రవాళ్లు ఎన్ని గంటలు చెప్పారో ఏ ఫారంలోనూ లేదు.

ఇప్పుడు నగరాలలో పిల్లలకు ఇటువంటి అవకాశాలు వెనుకటికంటె ఎక్కువే. 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుండి ఎనిమిదో తరగతి వరకు పిల్లలు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా వడ్రంగి దగ్గర, తోటమాలి దగ్గర, కుమ్మరి దగ్గర పని నేర్చుకోవాలంది. పన్నెండో తరగతి వరకు సెలవులలో ఇంటర్న్‌షిప్పులు ఏర్పాటు చేయవచ్చునంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుండి డిగ్రీ చదువులో ఇంటర్న్‌షిప్పును భాగం చేశారు. 2023 అక్టోబరు 31న కేంద్రప్రభుత్వం యువతను సేవావకాశాలతో కలిపేందుకు మై భారత్ అనే వేదికను ప్రారంభించింది. కాగితం మీద కొరత ఏమీ లేదు.

ఇంటర్న్ అన్న మాటకు తెలుగు లేదని వాపోయేవారికి ఒక మాట. సంస్కృతంలో అంతేవాసి అని ఉంది. దగ్గర వసించేవాడు, గురువుగారింట్లో ఉండి నేర్చుకొనేవాడు. వేదం చదివేవాడినే కాదు, శిల్పవిద్య నేర్చుకొనేవాడినీ అలాగే అన్నారు. యాజ్ఞవల్క్యస్మృతిలో వీడికి ఒక నియమం కూడ ఉంది. పని ముందే వచ్చేసినా సరే, ఒప్పుకున్న గడువు తీరేదాకా గురువింట్లోనే ఉండాలి. తిండి గురువు పెట్టాలి. పనిమీద వచ్చిన ఫలం గురువుకు చెందాలి. జీతం లేని ఇంటర్న్‌షిప్పు నిన్న మొన్నటి సంగతి కాదని దీనివల్ల తెలుస్తున్నది. అయితే స్మృతికారుడు తిండి పెట్టమన్నాడు. ఇప్పటి కంపెనీలలో కొన్ని అదీ పెట్టవు, బస్సు ఖర్చులూ ఇవ్వవు. అందువల్ల ఆ అవకాశాలు తండ్రికి ఎవరో ఒకరు తెలిసిన పిల్లలకే అందుతాయి. ఆ వడ్రంగి కొడుకువంటి వాడు పదేళ్ల నుంచీ తండ్రి ప్రక్కన కూర్చొని నేర్చుకున్నదానికి ఏ ధ్రువపత్రమూ లేదు. 1961 నాటి అప్రెంటిస్ చట్టం పద్నాలుగేళ్లు నిండినవాడికి శిక్షణ, దానితోపాటు భృతి కూడ ఇమ్మంది. ఆ చట్టం పేరు మా మనవరాలి బడిలో ఎవరి నోటా వినబడలేదు.

ఫారం దగ్గరికి వస్తాను. నేను సంతకం పెట్టనన్నాను. మనవరాలు రెండు రోజులు మాట్లాడలేదు. మా అమ్మాయి ఫోనులో, "ఊరంతా పెడుతున్నారు నాన్నా, నీ ఒక్కడికే ఎందుకింత పట్టుదల?" అంది. సమాధానంగా పదమూడు బల్లల కథ చెప్పాను. అది వరకు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. అమ్మాయి కాసేపు మాట్లాడకుండా ఉండి, "సరే, ఎక్కడికైనా నిజంగానే పంపిస్తాలే" అంది.

పంపింది. ఒక వృద్ధాశ్రమానికి వెళ్తే, పిల్లలందరినీ వరుసగా నిలబెట్టి పండ్లు పంచుతున్నట్లు ఫొటో తీసి, ఇక వెళ్లవచ్చునన్నారట. గంటన్నర. మరొక చోట మొక్కలు నాటాలన్నారు. గుంతలు అప్పటికే తవ్వి ఉన్నాయి, మొక్కలు అప్పటికే నిలబెట్టి ఉన్నాయి, పిల్లలు చేయి ఆనిస్తే చాలు. "తాతయ్యా, నేను వెళ్లకపోయినా ఆ మొక్క అక్కడే ఉండేది" అంది. పిల్ల చురుకైనదే. జూన్‌లో ఫారంలో నాలుగు గంటలు అని వ్రాసి ఇస్తే, బడివాళ్లు 20 లేకపోతే వద్దని తిప్పి పంపారు.

ఆ చలికాలంలో వాళ్ల బడి టీచరు ఒకావిడ తరగతిలో అడిగారట. పదో తరగతి పబ్లిక్ పరీక్ష వ్రాస్తున్న ఒక చూపులేని అమ్మాయికి, తాను చెప్పినది చెప్పినట్లు వ్రాసిపెట్టడానికి తొమ్మిదో తరగతి పిల్ల ఒకరు కావాలి. పై తరగతివాళ్లయితే జవాబులు తెలిసి ఉంటాయి కనుక క్రింది తరగతివాళ్లనే తీసుకుంటారు. అంటే, ఆ పని పెద్దవాళ్లెవరూ చేయడానికి వీలు లేదు. నేను చేయలేను, ఆ టీచరు చేయలేరు. తొమ్మిదో తరగతి పిల్లే చేయాలి. మా మనవరాలు చేయి ఎత్తింది.

దుర్గాబాయిగారు పెద్దయ్యాక అంధుల సహాయ సంఘానికి అధ్యక్షురాలిగా ఉండి, వారికోసం వసతితో కూడిన పాఠశాలను, చిన్న ఇంజనీరింగు కార్ఖానాను ఏర్పరచారు. ఆ మాట మనవరాలికి చెప్పాను. తలూపింది గాని, పిల్ల ధ్యాసంతా అక్షరాలు గుండ్రంగా రావడం మీదనే ఉంది. నెల రోజులు ఇద్దరూ కలిసి అభ్యాసం చేశారు.

2025 మార్చిలో పరీక్షలు. నేను హైదరాబాదు వెళ్లి రోజూ ఆటోలో తీసుకొని వెళ్లి, గేటు బయట వేపచెట్టు క్రింద కూర్చొనేవాడిని. ఒకనాడు బయటికి వచ్చిన పిల్ల ముఖం వాడి ఉంది. ఆటో కదిలిన చాలాసేపటికి, "ఒక చోట అక్క తప్పు చెప్పింది తాతయ్యా. నాకు తెలుసు అది తప్పని" అంది.

"ఏం చేశావు?"

"చెప్పిందే వ్రాశాను. మళ్లీ చదివి వినిపించమంటే వినిపించాను. అప్పుడైనా మార్చమంటుందేమోనని కొంచెం మెల్లగా చదివాను. మార్చలేదు."

ప్రశ్న ఏమిటో నేను అడగలేదు. పిల్ల కిటికీవైపు తిరిగి కూర్చుంది. కాసేపటికి, "మెల్లగా చదవడం కూడ తప్పేనా?" అంది. ఏం చెప్పాలో నాకు వెంటనే తోచలేదు. మరునాడు ఇంకొక పరీక్ష ఉంది. ఇంటికి వెళ్లగానే కలంలో కొత్త రీఫిల్ వేసుకుంది.

2024 నాటి ఆ ఫారం ఇప్పటికీ నా సొరుగులోనే ఉంది. నాలుగు గంటలు వ్రాసి ఉన్నాయి. సంతకం చోటు ఖాళీ.